హెచ్చరిక ఏ వేళదో చూడండి

2012 అక్టోబరు 31న నీలం తుపాను తమిళనాడులోని మహాబలిపురం దగ్గర తీరం దాటింది. అనకాపల్లికి అది ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మ్యాపు చూసినవారెవరైనా మనకు గండం తప్పిందనే అనుకుంటారు. కానీ నవంబరు మొదటి వారంలో ఆ తుపాను తాలూకు మేఘాలే ఉత్తర కోస్తా మీద కుండపోతగా కురిశాయి. శారద, వరాహ నదులు పొంగి పొర్లాయి. అనకాపల్లి, ఎలమంచిలి ప్రాంతాల్లో వరి చేలు, చెరకు తోటలు, లోతట్టు ఇళ్లు నీట మునిగాయి. ఎక్కడో తీరం దాటిన తుపాను మన వాకిట్లోకి వరదై వచ్చింది.

అది ఒక్కసారి జరిగి ఊరుకున్న వింత కాదు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటితే, ఆ రాత్రంతా కురిసిన వానకు విశాఖ నగరం జలమయమైంది. 2024 ఆగస్టు ఆఖరు రాత్రి వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి బుడమేరు నీళ్లలో చిక్కుకున్నది మాత్రం విజయవాడ. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండ నీట మునిగాయి.

తుపాను తీరం దాటే చోటు మీదే మన చూపంతా నిలిచిపోతోంది. కళ్లు మూసి తెరిచేలోగా మారిపోయే మేఘాల మీద నిలవడం లేదు. మన దగ్గర ఉన్న ఉపగ్రహాలు పావుగంటకోసారి ఆ మార్పును చూపిస్తున్నాయి. మనమేమో రాత్రి టీవీలో విన్న మాటనే మర్నాటి సాయంత్రం దాకా పట్టుకుని కూర్చుంటున్నాం. తుపాన్ల కాలంలో, పిడుగుల కాలంలో ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. అనకాపల్లి జిల్లా ప్రజలకూ, అధికారులకూ ఈ హెచ్చరిక అందుకే.

ముందు మన చేతిలో ఏముందో తెలుసుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు బంగాళాఖాతం మీద ఎప్పుడూ కన్నేసి ఉంచే భారతీయ ఉపగ్రహం ఒక్కటీ లేదు. దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 1983లో ఇన్శాట్-1బి వచ్చాకే మన మీద నిలకడగా నిలిచి మేఘాలను చూసే సొంత కన్ను మనకు దక్కింది. 2013లో ఇన్శాట్-3డి, 2016లో ఇన్శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఇన్శాట్-3డీఎస్ వెళ్లాయి. ఇవి భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ, మన నెత్తిమీదే ఉన్నట్టు నిలిచి ఉంటాయి. ఒక్కో ఉపగ్రహం తనకు కనబడే భూగోళం మొత్తాన్ని ఒకసారి చిత్రించడానికి 26 నిమిషాలకు పైగా పడుతుంది. రెండు ఉపగ్రహాలను వంతులవారీగా నడిపించడం వల్ల వాతావరణ శాఖకు సుమారు పావుగంటకో చిత్రం అందుతోంది. తుపాను ఉన్నప్పుడు ఆ ప్రాంతం మీదే కెమెరాను తిప్పి, అంతకంటే తొందరగా చిత్రాలు తీసే ఏర్పాటు కూడా ఉంది.

వెంటవెంటనే చిత్రాలు ఎందుకు కావాలి? ఒక్క ఫొటో చూసి అందులోని మనిషి ఆగి ఉన్నాడో, పరుగెత్తుతున్నాడో చెప్పలేం. మేఘం సంగతీ అంతే. వరసగా నాలుగు చిత్రాలు పక్కపక్కన పెడితే మేఘం ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. ఆ కదలికను బట్టి పైగాలుల దిశనూ వేగాన్నీ లెక్కకట్టి, కంప్యూటర్ నమూనాల్లోకి పంపుతారు. పరారుణ చిత్రం మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది. మేఘం ఎంత ఎత్తుకు పెరిగితే దాని తల అంత చల్లబడుతుంది. పదిహేను కిలోమీటర్లు దాటి పెరిగిన ఉరుముల మేఘం తల సున్నాకు దిగువన 60, 70 డిగ్రీల దాకా పోతుంది. పావుగంట కిందటి చిత్రానికీ ఇప్పటి చిత్రానికీ మధ్య ఆ చల్లదనం ఒక్కసారిగా పెరిగితే, ఆ మేఘం బలం పుంజుకుంటున్నట్టే. మామూలు ఉరుముల మేఘం పుట్టి, పెరిగి, కురిసి, చెదిరిపోవడానికి గంటకు అటూఇటుగా పడుతుంది. అరగంటకో చిత్రం వచ్చే రోజుల్లో అలాంటి మేఘం జీవితమంతా ఒకటి రెండు చిత్రాల్లో అయిపోయేది. నడిసముద్రంలో ఉన్న తుపాను బలాన్ని అంచనా కట్టడానికి అమెరికా వాతావరణ శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించిన పద్ధతి కూడా ఉపగ్రహ చిత్రంలో మేఘాల అమరికను చదవడం మీదే ఆధారపడింది. మన వాతావరణ శాఖ ఇప్పటికీ దాన్ని వాడుతోంది.

2014 అక్టోబరు 12న ఈ విద్య విలువేమిటో మన కళ్ల ముందే తేలింది. గంటకు 180 కిలోమీటర్ల గాలులతో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. తుపాను విరుచుకుపడుతున్న వేళలోనే కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ దెబ్బతింది. ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి ఏ గాలీ తగలదు కాబట్టి అది చూస్తూనే ఉంది. అంతకు కొన్ని రోజుల ముందు నుంచీ వచ్చిన సూచనల వల్లే తీరంలో లక్షల మందిని తరలించడానికి వీలైంది. ఉపగ్రహం ఉండబట్టి హుద్‌హుద్ మరో దివిసీమ కాలేదు. ఈ మాట కృతజ్ఞతతోనే చెప్పుకోవాలి.

అయితే అదే రోజున మరో సంగతి కూడా తేలింది. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఫోన్లు పనిచేయక, రోజుల తరబడి ఒక ఊరి సంగతి పక్క ఊరికి తెలియలేదు. 36 వేల కిలోమీటర్ల నుంచి సమాచారం క్షణాల్లో వచ్చింది గానీ, మండల కేంద్రం నుంచి పల్లెకు చేరే దారి తెగిపోయింది. ఇవాళ హెచ్చరికలన్నీ ఫోన్ల మీదే నడుస్తున్నాయి. ఫోను ఆగిన గంటలో ఊరికి కబురెలా చేరాలన్నది ప్రతి పంచాయతీ ముందుగానే తేల్చుకోవాల్సిన సంగతి.

ఉపగ్రహం హద్దులు కూడా చెప్పాలి. అది మేఘం తలను చూస్తుంది. కింద ఎక్కడ ఎంత వాన పడుతోందో అంచనా మాత్రమే వేయగలదు. పైన పల్చటి మేఘం దుప్పటిలా పరుచుకుంటే కింద జరిగేది సరిగా కనబడదు. అక్కడ రాడార్ కావాలి, నేలమీది వర్షమాపకం కావాలి. అమెరికా గోస్ ఉపగ్రహాల్లోనూ, 2022 డిసెంబరులో యూరప్ పంపిన కొత్త తరం మెటియోశాట్‌లోనూ మెరుపులను పట్టే పరికరాలున్నాయి. మన ఇన్శాట్‌లలో అవి లేవు. మనకు పిడుగుల సమాచారం ఇచ్చేది నేలమీద పెట్టిన సెన్సర్లు. జపాన్ హిమవారి ఉపగ్రహం పది నిమిషాలకో చిత్రం ఇస్తోంది. అమెరికా తుపాను ప్రాంతాన్ని నిమిషానికోసారి చూస్తోంది. మన తర్వాతి ఉపగ్రహాలు ఆ వేగాన్ని అందుకోవాలని, మెరుపులను పట్టే కన్ను వాటికి ఉండాలని గట్టిగా అడిగే హక్కు ఇంత పొడవైన తీరం ఉన్న రాష్ట్రానికి ఉంది.

ఇక మన తప్పుల దగ్గరికి వద్దాం. తుపాను వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో మేఘచిత్రాలు వరదలా వస్తాయి. ఎర్రగా, ఊదాగా, సుడి తిరుగుతూ భయపెట్టే బొమ్మలు. అందులో ఏళ్ల నాటివి ఉంటాయి, వేరే సముద్రానివి ఉంటాయి, నిన్న పొద్దుటివి ఉంటాయి. వాతావరణ శాఖ విడుదల చేసే ఇన్శాట్ చిత్రం పైభాగంలో ఉపగ్రహం పేరు, తేదీ, వేళ అచ్చవుతాయి. వేళ రెండు రకాలుగా ఉంటుంది: ఒకటి జీఎంటీ, రెండోది ఐఎస్‌టీ. జీఎంటీకి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. జీఎంటీ 0600 అని ఉన్న చిత్రాన్ని పొద్దున్న ఆరు గంటలది అనుకుంటే పొరపాటే. అది మన పదకొండున్నర నాటిది. పైగా ఆ వేళ ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని ఉంటుంది, చిత్రం తీయడానికి అంత సేపు పట్టిందని దానర్థం. ఆ వరస కత్తిరించేసిన బొమ్మను ఎవరు పంపినా నమ్మవద్దు, ముందుకు తోయవద్దు. తేదీ, వేళ లేని మేఘచిత్రానికి విలువ లేదు.

రెండో తప్పు, ‘తీరం దాటింది’ అన్న మాట వినగానే నడుం వాల్చడం. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది. మొదటిది 72 గంటల ముందు, రెండోది 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు. నాలుగోది తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగబోతోందో చెప్పేది. అది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందే వస్తుంది. మొదటి మూడూ ఇంటింటా వినబడతాయి. నాలుగోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. అనకాపల్లి జిల్లాకు అసలు ప్రాణాధారం ఆ నాలుగోదే.

ఎందుకంటే మన జిల్లా నైసర్గిక స్వరూపం అలాంటిది. పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం, మధ్యన కురచ నదులు. కొండల్లో కురిసిన వాన గోదావరిలా రోజుల తరబడి నడిచి రాదు, గంటల్లో దిగి వస్తుంది. దేవరాపల్లి దగ్గరి రైవాడ, చీడికాడ మండలంలోని కోనాం, మాడుగుల వైపు పెద్దేరు జలాశయాలు నిండితే గేట్లెత్తక తప్పదు. ఆ నీళ్లన్నీ శారదలోకే. చోడవరం, అనకాపల్లి, కశింకోట, మునగపాక మీదుగా రాంబిల్లి దగ్గర సముద్రం చేరాలి. తుపాను వేళ సముద్రం పోటు మీద ఉంటే నది నోరు నీటిని తీసుకోదు. వచ్చిన నీరు పొలాల మీదికి తిరగబడుతుంది. అటు తాండవ జలాశయం నిండితే పాయకరావుపేట, పెంటకోట వైపు అదే ముప్పు. కాబట్టి మన జిల్లాలో తీరం మీద ఎండ కాస్తున్నా కొండ మీద మేఘం ఎలా ఉందో చూడాలి. అది చూపించేది ఎప్పటికప్పుడు వచ్చే ఉపగ్రహ చిత్రం, రాడార్ చిత్రం.

వేసవి పిడుగుల కథ ఇంకా ఘోరం, ఎందుకంటే దానికి 72 గంటల ముందు మాట ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి నుంచి ఉక్కపోత, మధ్యాహ్నం దాటగానే చింతపల్లి, పాడేరు కొండల మీద మేఘం లేస్తుంది. సాయంత్రానికి మాడుగుల, రావికమతం, నర్సీపట్నం మీదుగా మైదానంలోకి దిగుతుంది. ఆ వేళకు పశువుల కాపరి మేత పొలంలో, కూలీలు జీడి తోటలో, గీత కార్మికుడు తాటిచెట్టు మీద ఉంటారు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. వీరిలో ఎక్కువ మంది పొలాల్లో పనిచేసుకునేవారే. మేఘం లేచాక పిడుగు పడేలోగా మనకు దొరికేది అరగంట, మహా అయితే గంట. ఆ అరగంటలో కబురు పొలానికి చేరితే ప్రాణం దక్కుతుంది. సాయంత్రం బులెటిన్‌లో వస్తే అది వార్త మాత్రమే.

అధికారులను అడగాల్సినవి సూటిగా అడుగుతున్నాం.

కలెక్టరేట్ కంట్రోల్ రూములో రాత్రింబవళ్లు ఒక మనిషి తాజా ఉపగ్రహ చిత్రాన్నీ, విశాఖ రాడార్‌నూ, వాతావరణ శాఖ మూడు గంటలకు సరిపడా ఇచ్చే తక్షణ సూచననూ చూస్తూ ఉండాలి. చూడటం వరకే ఆగకూడదు. మండలం పేరు పెట్టి, గ్రామ సచివాలయానికి నేరుగా ఫోను చేసి చెప్పే అధికారం ఆ మనిషికి ఉండాలి. పై నుంచి సంతకం వచ్చేదాకా ఆగితే పావుగంట చిత్రం ఎందుకు? ప్రతి హెచ్చరిక మీదా అది ఇచ్చిన వేళ, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ వేళ, ఏ మండలాలకు వర్తిస్తుందో ఆ పేర్లు, ఏం చేయాలో ఒక్క వాక్యం తేలిక తెలుగులో ఉండాలి. ‘కొన్ని చోట్ల ఓ మోస్తరు నుంచి భారీ’ అన్న మాటతో రైతు ఏ నిర్ణయమూ తీసుకోలేడు.

జలాశయాల గేట్లు ఎత్తేముందు దిగువ గ్రామాలకు మైకులో చెప్పాలి. వీలైనంత వరకు పగటి పూటే, కొంచెం కొంచెంగా నీరు వదలాలి. పెద్ద వాన వస్తుందని రెండు రోజుల ముందే తెలిసినప్పుడు జలాశయంలో ముందుగానే చోటు చేసుకోవడం ఇంజినీర్ల బాధ్యత. తుపాను షెల్టర్ల తాళాలు ఎవరి దగ్గరున్నాయో, జనరేటర్ తిరుగుతుందో లేదో, మరుగుదొడ్లలో నీళ్లున్నాయో ఇప్పుడే చూడండి. అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమలు ఎత్తైన చోట్ల పనిని, క్రేన్లను ఏ హెచ్చరికకు ఆపాలో రాసి పెట్టుకోవాలి. కార్మికుడు పని ఆపితే కూలి కోయకూడదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, దండోరా వేసే మనిషి ఇవన్నీ ఫోను ఆగిన రోజు మన హెచ్చరిక వ్యవస్థే. వాటికి బ్యాటరీ ఉండాలి, పలికే మాట ముందే రాసి ఉండాలి.

ఇక మనం చేయాల్సినవి.

ఫోనులో వాతావరణ శాఖ ‘మౌసమ్’, పిడుగులకు ‘దామిని’, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్‌లు పెట్టుకోండి. చదవలేని పెద్దవారికి ఇంట్లో పిల్లలు చదివి చెప్పాలి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌ను ప్రకటన అనుకుని చెరిపేయవద్దు. పసుపు రంగు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండండి, నారింజ వస్తే సిద్ధం కండి, ఎరుపు వస్తే కదలండి. తుపాను వేళ మూడు గంటలకోసారి కొత్త బులెటిన్ చూడండి. తీరం దాటాక కూడా కనీసం రెండు మూడు రోజులు ఆ పని మానవద్దు. ఒక బ్యాటరీ రేడియో ఇంట్లో ఉంచండి.

రైతు సోదరులకు: వరి కోత ముందు వచ్చే అయిదు రోజుల సూచన చూసి కొడవలి పట్టండి. కోసిన పనలు పొలంలో ఉండగా హెచ్చరిక వస్తే ఆ పూటే కుప్ప వేయండి, పట్టాలు కప్పండి. బెల్లం వండేవారు చెరకు పిప్పిని ఆరుబయట వదిలేయకుండా ముందే కప్పు కిందికి చేర్చండి; తడిసిన పిప్పితో పొయ్యి వెలగదు, నరికిన చెరకు ఎండిపోతుంది. శారద గట్టు పక్క పొలాల్లో మోటార్ల కోసం రాత్రి పూట దిగవద్దు. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు.

ఉరుము వినబడిందంటే పిడుగు మిమ్మల్ని అందుకునేంత దూరంలోనే ఉంది. వాన ఇంకా మొదలు కాకపోయినా పని ఆపండి. చెట్టు కిందికి, ముఖ్యంగా ఒంటరి తాటిచెట్టు కిందికి పోవద్దు. పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో చేరండి. అవేవీ లేకపోతే చెరువు నుంచి, కరెంటు స్తంభం నుంచి, ఇనుప కంచె నుంచి దూరంగా జరిగి, గుంపుగా కాక విడివిడిగా, పాదాలు దగ్గరగా పెట్టి ముడుచుకుని కూర్చోండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగితే గుండె మీద నొక్కుతూ 108కి ఫోను చేయండి.

పూడిమడక, రేవుపోలవరం, ముత్యాలమ్మపాలెం, రాజయ్యపేట, పెంటకోట మత్స్యకారులకు: వేటకు పోవద్దన్న కబురు వచ్చాక ‘ఈ ఒక్క వల వేసి వచ్చేస్తాం’ అనవద్దు. తీరం నుంచి కాస్త దూరం పోతే సెల్ సిగ్నల్ అందదు. ఉపగ్రహం ద్వారా కబురు చేరవేసే, ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్ ఇస్తే దాన్ని పడవ మీద బిగించి, ఛార్జింగ్ పెట్టి, వాడటం నేర్చుకోండి. అది మీకు అందకపోతే మత్స్యశాఖను నిలదీయండి. పడవలో ఎవరెవరున్నారో, ఎప్పుడు బయలుదేరారో ఒడ్డున ఒకరి దగ్గర రాసి పెట్టండి.

ఆపదలో ఉంటే 112కి గానీ, రాష్ట్ర కంట్రోల్ రూము 1070కి గానీ, 1800 425 0101కి గానీ ఫోను చేయండి. ఈ మూడు నంబర్లను ఇవాళే గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఉపగ్రహం మన కోసం పావుగంట కూడా కన్నార్పదు. ఆ చూపు పల్లెకు చేరేలోగా గంటలు గడిచిపోతే ఆ నేరం ఆకాశానిది కాదు, మనది. ఇక మీదట ఏ హెచ్చరిక విన్నా ముందు ఒక్కటే అడగండి: ఇది ఎప్పటిది? పాతదైతే కొత్తది చూడండి. కొత్తది కదలమంటే పక్కింటివారిని కూడా పిలుచుకుని వెంటనే కదలండి.